ఖిలాషాపూర్ కోట గోడ ఎందుకు కూలింది: ఒక కేస్ స్టడీ

2020 అక్టోబర్ మధ్యలో తెలంగాణను ముంచెత్తిన వానలకు జనగామ జిల్లా రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట గోడ ఒక పక్క కూలిపోయింది. హైదరాబాద్‌లో కాలనీలు మునిగి జనం డాబాల మీదికెక్కిన రోజులవి. అంత హడావుడిలో ఒక పల్లెటూరి కోట సంగతి ఎవరికీ పట్టదనుకుంటాం. కానీ ఈ వార్త ఊరూరా తిరిగింది. కల్లుగీత కులంలో పుట్టి, మొఘల్ అధికారులను ఏళ్ళ తరబడి ఎదిరించి, ఓరుగల్లు మీద దాడి చేసి గెలిచిన మనిషి కట్టుకున్న కోట అది.

నేను పాత కట్టడాల మరమ్మతు పనులు చూసే సివిల్ ఇంజనీర్ని. గోడ కూలాక చరిత్ర మీద పని చేసే కొందరు మిత్రులతో కలిసి వెళ్ళి చూశాను. మాకు అక్కడ అధికారికమైన బాధ్యత ఏమీ లేదు. చూసింది, అందులోంచి నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను. తెలంగాణ పల్లెల్లో ఇలాంటి చిన్న కోటలు, గడీలు, ఊరి మధ్య ఒంటరిగా నిలబడ్డ బురుజులు చాలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి రేపు మీ ఊళ్ళో బీటలు వారితే ఈ కేసు పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఈ గోడ కూలడానికి వాన కారణమని అందరూ అన్నారు. నిజమే, కానీ అది సగం జవాబే. అదే కోట అంతకుముందు మూడు వందల వానాకాలాలు చూసింది. మిగతా సగం జవాబు కోట పుట్టుకలో ఉంది. అందుకే చరిత్రతో మొదలుపెట్టాలి.

ఈ చోటే ఎందుకు

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్ళే దారిని మ్యాప్ మీద గీసి చూడండి. భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట. ఇవాళ రైలు, హైవే రెండూ ఇంచుమించు ఈ గీత వెంబడే పోతాయి. పాపన్న కథలో వచ్చే ఊళ్ళన్నీ దీనికి అటూ ఇటూ ఉన్నవే. ఆయనతో పోరాడిన ఫౌజ్‌దార్, అంటే మొఘల్ సైనికాధికారి, ఉన్న కొలనుపాక ఆలేరు పక్కన ఉంది. మొదటి కొండకోట ఉన్న తాటికొండ ఘన్‌పూర్ వైపు. దాడి చేసిన భువనగిరి ఒక కొసన, ఓరుగల్లు ఇంకో కొసన. ఆ రోజుల్లో షాపూర్ అని పిలిచిన ఈ ఊరు సరిగ్గా నడిమధ్యలో పడుతుంది.

రెండు పెద్ద పట్టణాల నడుమ సరుకుల బండ్లు, బంజారాల ఎడ్ల గుంపులు, శిస్తు సొమ్ము మోసే సిపాయిలు, పెళ్ళి బృందాలు అన్నీ ఈ దారినే పోవాలి. దారి మీద కన్నేసి ఉంచడానికి, అటు నుంచి గానీ ఇటు నుంచి గానీ సైన్యం వస్తే ముందే తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. రాజులు కట్టిన కోటల వెనక రాజధాని అవసరం ఉంటుంది. ఈ కోట వెనక ఉన్నది దారి.

రెండు సార్లు కట్టిన కోట

పాపన్న గురించి మనకు రెండు వైపుల నుంచి తెలుసు. ఒకటి, మొఘల్ కొలువులో పనిచేసిన ఖాఫీ ఖాన్ పారసీలో రాసిన చరిత్ర. ఆయన దృష్టిలో పాపన్న ఒక దొంగ, అందులోనూ తక్కువ కులం వాడు. రెండోది జనం పాట. శారద కథలు చెప్పేవాళ్ళు తరాలుగా పాపన్న కథ పాడుతున్నారు. 1874 నాటికే ఒక ఆంగ్లేయుడు ఈ పాట ఒకదాన్ని పత్రికలో అచ్చు వేయించాడు. పాటలో ఆయన వీరుడు. కోటను అర్థం చేసుకోవాలంటే రెండూ కావాలి. పాట పాపన్న మనసు చెబుతుంది. కోటకు ఎప్పుడు ఏం జరిగిందన్న వరస మాత్రం ఆ శత్రువు రాతలోనే ఎక్కువ దొరుకుతుంది.

ఆ రాత ప్రకారం పాపన్న మొదట బాగా డబ్బున్న తన అక్కచెల్లెళ్ళలో ఒకామె సొమ్ము దోచి, మనుషుల్ని పోగేసి, తాటికొండ మీద ఒక మోటు కోట కట్టాడు. దారిన పోయే వర్తకుల్ని కొట్టడం మొదలయ్యాక ఫౌజ్‌దార్లు వెంటపడ్డారు. పారిపోయి కౌలాస్ జమీందారు వెంకటరావు దగ్గర కొలువులో చేరాడు. అక్కడా దారిదోపిడీ మానకపోతే ఆ జమీందారు ఖైదులో పెట్టాడు. జమీందారు కొడుకు జబ్బు పడితే, బిడ్డ బాగుపడాలని ఆయన భార్య ఖైదీలందరినీ వదిలించింది. అలా బయటపడ్డ పాపన్న షాపూర్ చేరాడు. అక్కడ సర్వ అనే సహచరుడు తోడయ్యాడు. ఇద్దరూ కలిసి ఇక్కడ కోట కట్టారు.

కొలనుపాక ఫౌజ్‌దార్ కాసిం ఖాన్ షాపూర్ మీదికి వచ్చి పోరులో చనిపోయాడు. తర్వాత హైదరాబాద్ నుంచి నాయబ్ సుబేదార్, అంటే సుబా ఉప పాలకుడు, రుస్తుం దిల్ ఖాన్ స్వయంగా వచ్చి రెండు నెలల పాటు ముట్టడించాడు. పాపన్న, సర్వ తప్పించుకున్నారు. రుస్తుం దిల్ ఖాన్ కోటను మందుగుండుతో పేల్చేసి వెళ్ళిపోయాడు. సైన్యం అటు వెళ్ళగానే వీళ్ళు ఇటు తిరిగొచ్చి అదే చోట మళ్ళీ కట్టారు. ఈసారి పాతదానికంటే గట్టిగా రాయి, సున్నంతో కట్టి, ఫిరంగులు కూడా ఎక్కించారు.

పునాది పాతదో కాదో గానీ, ఇవాళ మనం చూస్తున్న గోడలు ఈ రెండో కట్టడానికి చెందినవని నేననుకుంటున్నాను. ఇంజనీరుగా నాకు ముఖ్యమైన విషయం ఇక్కడే ఉంది. ఇది తొందరలో లేచిన కోట. కాకతీయులు ఓరుగల్లు కోటను తరాల మీదుగా కట్టుకున్నారు. పాపన్నకు ఆ తీరిక లేదు. హైదరాబాద్ నుంచి మళ్ళీ ఎప్పుడు సైన్యం దిగుతుందో అన్న టెన్షన్‌లో, చేతికందిన రాయితో, చేతికందిన మనుషులతో లేపిన గోడలివి. పైగా శత్రువు ఒకసారి పేల్చేసిన రాయినంతా మళ్ళీ వాడకుండా ఎవరూ వదిలిపెట్టరు.

1707లో ఔరంగజేబు చనిపోయాడు. కొడుకులు సింహాసనం కోసం కొట్టుకుంటున్నారు. దక్కనులో ఎవరి మాట చెల్లుతుందో తెలియని ఆ సందు పాపన్నకు కలిసొచ్చింది. 1708 మార్చి 31 రాత్రి, పీర్ల పండుగ ఆఖరి రోజుకు ముందు, ఊరంతా పండుగలో ఉన్న వేళ ఓరుగల్లు మీద పడ్డాడు. కొందరు దారులు కాపు కాశారు, కొందరు గోడలెక్కి లోపలికి దిగారు. రోజుల తరబడి కొల్లగొట్టి, సొమ్ముతో పాటు పెద్ద సంఖ్యలో మనుషుల్ని కూడా పట్టుకొచ్చి షాపూర్ కోట కింద ప్రహరీ కట్టించి అందులో ఉంచాడు. అదే ఏడాది జూన్ 1న, మిలాద్ పండుగకు ముందు రాత్రి, భువనగిరి మీద కూడా దాడి చేశాడు గానీ ఓరుగల్లు అంత సాఫీగా జరగలేదు. దోచిన సొమ్ముతో 700 జోడు గొట్టాల తుపాకులు కొన్నాడు. బంజారాల దగ్గర పట్టుకున్న పది పన్నెండు వేల ఎడ్లను పొలం దున్నడానికి కట్టాడు. ఈ ఎడ్ల సంగతి నాకు చాలా ఆసక్తిగా అనిపిస్తుంది. దోచుకుని పారిపోయేవాడు పొలం దున్నించడు. ఇక్కడే ఉండిపోదామనుకున్నవాడే దున్నిస్తాడు.

1709 జనవరిలో కొత్త చక్రవర్తి బహదూర్ షా హైదరాబాద్ వచ్చినప్పుడు పాపన్న 14 లక్షల రూపాయలు నజరానాగా ఇచ్చాడు. బదులుగా చక్రవర్తి ఖిల్లత్, అంటే గౌరవ వస్త్రం, ఇచ్చాడు. కల్లుగీత కులస్థుడికి దర్బారులో గౌరవమా అని ముస్లిం పెద్దలు మండిపడ్డారు. ఆడపిల్లలు ఆ కోటలో బందీలుగా ఉన్న కుటుంబాల గోడు కూడా వాళ్ళతో కలిసింది. చక్రవర్తి మాట మార్చి, పాపన్నను పట్టుకోమని సుబేదారు యూసుఫ్ ఖాన్‌కు ఆజ్ఞ ఇచ్చాడు.

షాపూర్ కోట పోయింది బయటి ఫిరంగులతో కాదు. పాపన్న వేరే జమీందారు కోటను ముట్టడిస్తున్న సమయంలో లోపలి ఖైదీలు తిరగబడ్డారు. వాళ్ళలో పాపన్న బావమరిది కూడా ఉన్నాడు, అతనొక ఫౌజ్‌దార్. అతనికి తోబుట్టువైన పాపన్న భార్యే అన్నంలో ఆకురాళ్ళు, అంటే ఇనుమును అరగదీసే పనిముట్లు, దాచి లోపలికి పంపించింది. వాటితో సంకెళ్ళు కోసుకుని కోటను పట్టుకున్నారు. తిరిగొచ్చిన పాపన్న మీద ఆయన ఫిరంగులే మోగాయి. అటు నుంచి మొఘల్ సైన్యం కూడా రావడంతో ఆయన తాటికొండకు వెళ్ళిపోయాడు. 1710లో అక్కడా ముట్టడి ముగిసింది. గాయపడి ఒంటరిగా తప్పించుకుని, హుస్నాబాద్‌లో కల్లు దుకాణం దగ్గర గుర్తుపట్టబడి దొరికిపోయాడు. చంపి, తల ఢిల్లీకి పంపించారు.

అంటే ఈ రెండో కోట పాపన్న చేతిలో ఉన్నది కొద్ది ఏళ్ళే. తర్వాత మూడు వందల ఏళ్ళు దానికి యజమాని అంటూ ఎవరూ గట్టిగా లేరు. ఊరు దాని చుట్టూ పెరిగింది.

గోడ పగిలితే కనిపించింది

మంచి గోడను బయటి నుంచి ఎంత చూసినా లోపల ఏముందో తెలియదు. కూలిన గోడ మాత్రం ఏదీ దాచదు. ఆ పక్కన నిలబడి చూస్తే మూడు పొరలు స్పష్టంగా కనిపించాయి. బయట పెద్ద రాళ్ళ వరస, ముఖాలు ఓ మోస్తరుగా చెక్కినవి, సందుల్లో చిన్న రాతి ముక్కలు దూర్చినవి. లోపలి వైపు మరో వరస, దానికంటే మోటుగా. రెండింటి నడుమ మట్టి, మొరం, గులకరాళ్ళు, పగిలిన రాళ్ళు కలిపి నింపిన పూరక. సున్నం ముఖపు రాళ్ళ సందుల్లో కనిపించింది గానీ నడుమ పూరకలోకి వెళ్ళేకొద్దీ మట్టే ఎక్కువ.

ఇది తప్పు కట్టడం అని నేననను. దక్కనులో ఇలా కట్టిన గోడలు కొల్లలు. ఫిరంగి గుండు తగిలితే గట్టి రాతిగోడ పగులుతుంది. మట్టి పూరక ఉన్న గోడ ఆ దెబ్బను మింగేస్తుంది. తొందరగా ఎత్తు లేపాలన్నా ఇదే దారి. కానీ ఈ పద్ధతికి ఒక షరతు ఉంది. రెండు ముఖాలను కలిపి పట్టుకునే పొడుగు రాళ్ళు, ఒక కొస బయట కనిపిస్తూ ఇంకో కొస గోడ లోతుల్లోకి దిగేవి, తగినన్ని ఉండాలి. కూలిన చోట నేను వెతికింది వాటి కోసమే. అక్కడ అవి చాలా అరుదుగా కనిపించాయి. ఒకచోట బయటి ముఖం రాయి ఒకటి, మనిషి ఛాతీ అంత వెడల్పున్నది, పూర్తిగా ఊడి కింద పడి ఉంది. దాని వెనక భాగం చేతితో తడిమితే నున్నగా ఉంది, జానెడు కూడా లోపలికి దిగలేదు. అంటే ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని ఉంచింది సందుల్లోని సున్నం, పైనున్న రాళ్ళ బరువు, అంతే.

ఆ పక్కనే ఇంకా నిలబడి ఉన్న గోడలో ఒక రావి వేరు పైనుంచి కిందికి పాకి, సరిగ్గా ముఖానికీ పూరకకీ మధ్య సందులో దిగి ఉంది. వేరు మందం మణికట్టంత. దాన్ని ఆనుకుని మట్టి ఇంకా తడిగానే ఉంది, వాన ఆగి రోజులు గడిచినా.

నీటి లెక్క

పొడిగా ఉన్నప్పుడు మట్టి పూరక ఘనపు మీటరుకు సుమారు 1.6 టన్నులు తూగుతుంది. నీళ్ళతో నిండితే 2 టన్నుల దాకా పోతుంది. బరువు పెరగడం ఒక సమస్య. అసలు సమస్య పక్కకు నెట్టే ఒత్తిడి. గోడ లోపల నీళ్ళు నిలిస్తే, ప్రతి మీటరు ఎత్తు నీటికి అడుగున చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున ఒత్తిడి బయటి ముఖం మీద పడుతుంది. మూడు మీటర్లు నిలిచిందంటే మూడు టన్నులు. పట్టుకునే పొడుగు రాళ్ళు లేని ముఖం దాన్ని ఎంతసేపు ఆపుతుంది?

ముందు గోడ ఉబ్బుతుంది. పై నుంచి దారానికి గుండు కట్టి వేలాడదీస్తే మధ్యలో గోడ దారాన్ని బయటికి నెడుతూ కనిపిస్తుంది. అది ఏడాదికి కొంత, వానాకాలానికి కొంత చొప్పున పెరుగుతుంది. ఎండాకాలంలో మట్టి ఎండి కుంచించుకుపోతే పైనుంచి చిన్న రాళ్ళు, మన్ను ఆ సందులోకి జారి కూర్చుంటాయి. మళ్ళీ వాన పడితే వెనక్కి పోవడానికి జాగా ఉండదు, ముందుకే నెడుతుంది. ఇలా ఏళ్ళ తరబడి జరిగాక ఒక పెద్ద వాన చివరి నెట్టు నెడుతుంది. 2020 అక్టోబర్ వాన చేసింది ఆ చివరి పని.

బురుజుల సంగతి కొంచెం వేరు. గుండ్రంగా ఉండడం వల్ల ఫిరంగి గుండు జారిపోతుంది, గోడ మూల చాటు శత్రువుకు దొరకదు. కానీ లోపలి నుంచి పూరక నెట్టినప్పుడు గుండ్రటి గోడ చుట్టూ లాగుడు పడుతుంది. రాతి కట్టడం నొక్కుడును ఎంతైనా తట్టుకుంటుంది గానీ లాగుడును తట్టుకోదు. అందుకే బురుజుల మీద బీటలు నిలువుగా వస్తాయి, పైన వెడల్పుగా, కింద సన్నగా. మీ ఊరి బురుజు మీద అలాంటి నిలువు బీట కనిపిస్తే అది పైపై పగులు అని వదిలేయకండి. దాని మీద రెండు వైపులకూ కలిపి చిన్న గాజు ముక్కను సున్నంతోనో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో అంటించి, పక్కన తేదీ రాయండి. గాజు పగిలిందంటే బురుజు ఇంకా కదులుతోందని అర్థం. ఖర్చు లేని పని, ఊరి కుర్రాళ్ళు ఎవరైనా చేయొచ్చు.

మరి నీళ్ళు లోపలికి ఎలా వెళ్ళాయి? పై నుంచే. కోట వాడుకలో ఉన్నప్పుడు గోడ నెత్తిన సున్నపు గచ్చు ఉంటుంది, నీళ్ళు బయటికి పోయేలా వాలు, రాతి తూములు ఉంటాయి. ఏటా వానకు ముందు ఎవరో ఒకరు పైకెక్కి చూస్తారు. మనుషులు లేని కోటలో ఆ గచ్చు పగులుతుంది, పగుళ్ళలో గడ్డి మొలుస్తుంది, గడ్డి వెనక రావి, మర్రి వస్తాయి. తూములు పూడిపోతాయి. ఒక పెద్దావిడ గోడ వైపు చెయ్యి చూపించి, "మా చిన్నప్పుడు పైకి పోయి ఆడుకుంటుండె సారూ, అప్పుడు గిన్ని చెట్లు లేకుండె. ఎవలన్న మేకలు తోలుకపోతే అవే మేసేటియి" అంది. ఆమె చెప్పిన ఒక్క ముక్కతో నాకు సగం రోగ నిర్ధారణ అయిపోయింది. మేకలు ఎక్కడం మానేశాక చెట్లు ఎదిగాయి.

ఇంకో శత్రువు గుప్త నిధుల వేట. పాపన్న దోచిన సొమ్ము ఇక్కడే పాతిపెట్టాడన్న మాట ఈ ప్రాంతంలో ఎప్పటి నుంచో ఉంది. పాపన్న పేరున్న చోటల్లా ఎవరో ఒకరు గునపం పట్టుకుని రాత్రిపూట తవ్వుతారు. తవ్విన గొయ్యి వాన నీళ్ళకు బావి అవుతుంది. పూరకలోకి నీళ్ళు పంపడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. నిధి ఉందో లేదో గానీ, ప్రతి గొయ్యి కోట ఆయుష్షును తినేస్తుంది. 14 లక్షలు చక్రవర్తికి కట్టి, తుపాకులు కొని, సైన్యాన్ని పోషించి, చివరికి శత్రువు చేతికి చిక్కిన కోటలో సొమ్ము మిగిలి ఉంటుందని ఎలా అనుకుంటారో నాకు అర్థం కాదు.

కూలిన వెంటనే చేయాల్సినవి, చేయకూడనివి

ఇలాంటి చోట మొదటి రోజు వచ్చే ఆలోచన జేసీబీ పిలిచి రాళ్ళు ఎత్తించేయడం. దారి మీద పడ్డాయి, బండ్లు పోవాలి, నిజమే. కానీ ఆ రాళ్ళు ఆ గోడవే, మళ్ళీ ఆ గోడకే కావాలి. లారీల్లోకెత్తి ఎక్కడో పోస్తే ఇక తిరిగి రావు. ఎవరింటి పునాదికో, ఏ రోడ్డు అడుగుకో పోతాయి. ముందు ఫొటోలు తీయాలి, దూరం నుంచి, దగ్గర నుంచి, పై నుంచి డ్రోన్‌తో. తర్వాత ముఖపు రాళ్ళను వేరు చేసి, వాటి వెనక వైపు సుద్దతోనో పెయింట్‌తోనో నంబర్లు వేసి, పక్కన ఖాళీ స్థలంలో వరసగా పేర్చాలి. చిన్న రాళ్ళు, మట్టి వేరే కుప్ప. ఈ పని ఊళ్ళోని ఒడ్డెర మేస్త్రీలు చాలా బాగా చేస్తారు. ఏ రాయి ముఖం ఏదో, ఏది కింద వరసదో వాళ్ళ కంటికి తెలిసిపోతుంది.

రెండోది మనుషుల భద్రత. ఒక పక్క కూలిందంటే దాని రెండు చివర్లూ ఆసరా కోల్పోయాయన్నమాట. తర్వాత పడేది అవే. గోడ ఎత్తు ఎంతో కనీసం అంత దూరం వరకు కంచె వేయాలి. గోడను ఆనుకుని ఉన్న ఇళ్ళవాళ్ళను వానలు తగ్గేదాకా వేరే చోట పడుకోమనాలి. ఇది చెప్పడానికి మొహమాటపడకూడదు.

మూడోది తెగిన చివర్లకు ఇసుక బస్తాలు పేర్చి ఆనిక ఇవ్వడం, విప్పారిన పూరక మీద టార్పాలిన్ వాలుగా కట్టడం. టార్పాలిన్ కింద నీళ్ళు చేరి నిలవకుండా చూసుకోవాలి, లేకపోతే అదే కుండ అవుతుంది.

చేయకూడని పనుల్లో మొదటిది సిమెంట్. బీటల్లో సిమెంట్ కుక్కితే చూడటానికి మరమ్మతు అయినట్టే ఉంటుంది. సున్నం నీటిని పీల్చి మళ్ళీ గాలికి వదిలేస్తుంది. సిమెంట్ వదలదు. పై నుంచి దిగిన నీళ్ళు బయటికి వచ్చే దారులన్నీ మూసేసినట్టవుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పైగా సిమెంట్ ఆ పాత సున్నం కంటే చాలా గట్టిది. గోడ కాస్త కదిలితే అది కదలక, దాని అంచున ఉన్న రాయినే పగలగొడుతుంది. నేను చూసిన చిన్న కోటల్లో ఈ రకం మరమ్మతు చేసిన చోట, కొన్నేళ్ళకు ఆ సిమెంట్ పట్టీ పక్కనే గోడ ఊడిపడడం మళ్ళీ మళ్ళీ కనిపించింది.

రెండోది చెట్లు పీకడం. గోడలో దిగిన రావి చెట్టును లాగితే వేరుతో పాటు గోడా వస్తుంది. మొదలు దగ్గర కోసి, కోసిన చోట మందు పూసి, వేరును లోపలే చావనివ్వాలి. వేరు కుళ్ళాక మిగిలే ఖాళీని పల్చటి సున్నపు నీళ్ళతో కింది నుంచి పైకి కొద్దికొద్దిగా నింపుకుంటూ రావాలి. ఒకే రోజు నింపేస్తే ఆ తడి బరువే గోడను నెడుతుంది.

మళ్ళీ కట్టడం

ఈ కోట విషయంలో నా సిఫారసు వరస ఇది. మొదట గోడ నెత్తి, తర్వాత ఉబ్బిన చోట్లు, ఆ తర్వాతే కూలిన చోటు. చాలా మందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది. కూలిన చోటే కదా జనానికి కనిపించేది. కానీ నెత్తిన నీళ్ళు దిగడం ఆపకుండా కూలినదాన్ని ఎంత బాగా కట్టినా, పక్కది కూలుతుంది.

నెత్తికి ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు వేసి దిమ్మిసతో బాగా కొట్టి, లోపలి వైపు వాలు పెట్టి, తూముల ద్వారా గోడకు దూరంగా నీళ్ళు పడేలా చేయాలి. ఉబ్బిన చోట్ల కొలిచి, ఎంత ఉబ్బిందో రాసుకుని, పనికిరాదనుకున్నంత మేర రాయి రాయి విప్పి మళ్ళీ పేర్చాలి. అప్పుడు పాతవాళ్ళకు తీరిక లేక చేయనిది మనం చేయొచ్చు. లోపలికి దిగే పొడుగు రాళ్ళు ప్రతి వరసలో దూరం చూసుకుని పెట్టుకోవచ్చు. కొత్త రాళ్ళ మీద తేదీ చెక్కితే రేపు చూసేవాళ్ళకు ఏది పాపన్న నాటిది, ఏది మనం పెట్టింది అన్న అయోమయం ఉండదు. అడుగు వరసల్లో నీళ్ళు కారిపోవడానికి చిన్న రంధ్రాలు వదలాలి.

సున్నం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో విరగబెట్టి, కొన్నాళ్ళు నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో ఆడించాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు కలపడం మన పాత పద్ధతి. ఇది సిమెంట్‌లా రాత్రికి రాత్రి గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి గట్టిపడుతుంది. అందుకే రోజుకు ఇన్ని అడుగులు లేపాలి అనే కాంట్రాక్టు లెక్క ఇక్కడ కుదరదు. కొన్ని వరసలు పెట్టి, తడి గోనెసంచులు కప్పి, ఆగి, మళ్ళీ పెట్టాలి. పని మొదలుపెట్టడానికి సరైన కాలం వానలు తగ్గాక, నవంబర్ నుంచి. ఎండలు ముదిరాక సున్నం తొందరగా ఎండి బీటలిస్తుంది. టెండర్లు మాత్రం తరచుగా మార్చి చివరకు తేలతాయి, పని నడివేసవిలో మొదలై వానకు సగంలో ఆగుతుంది. సగం విప్పిన గోడను వానకు వదలడం కంటే ఆ ఏడాది అసలు ముట్టుకోకపోవడం మేలు.

చుట్టూ ఉన్న ఇళ్ళ మురుగు కాలువలు గోడ అడుగు నుంచి దూరంగా మళ్ళించడం కూడా ఈ అంచనాలోనే ఉండాలి. పునాది కింద మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే పైన ఎంత చేసినా గోడ కుంగుతుంది. ఇది పంచాయతీ పని, కోట పని కాదు అని విడదీస్తే రెండూ జరగవు.

లైట్లు, పార్కు, ముఖద్వారం దగ్గర కొత్త కమాను ఇవన్నీ జనానికి ఇష్టమని తెలుసు. పాపన్న జయంతిని ఆగస్టు 18న ప్రభుత్వమే జరుపుతున్న ఈ రోజుల్లో ఆ డిమాండు ఇంకా పెరుగుతుంది. నాకు అభ్యంతరం లేదు, నీళ్ళ పని అయ్యాక. జయంతి ఆగస్టులో, అంటే నడి వానాకాలంలో. ఆ రోజు పూలదండలతో వచ్చే నాయకుల్ని, సంఘాల పెద్దల్ని గోడ పక్కకు తీసుకెళ్ళి తూములు పారుతున్నాయో లేదో చూపించే ఆనవాయితీ పెడితే ఏడాదికోసారి తనిఖీ దానంతట అదే జరుగుతుంది.

బోర్డు మీద ఏం రాయాలి

మరమ్మతు తర్వాత ఏ కోట ముందైనా ఒక బోర్డు పెడతారు. ఇక్కడ ఏం రాయాలన్న దాని మీద మా మిత్రుల మధ్య చాలా వాదన జరిగింది. కొందరు పాపన్నను బహుజన వీరుడిగా మాత్రమే రాయాలన్నారు. కింది కులం వాడికి దర్బారులో గౌరవం దక్కిందని ఓర్వలేని పెద్దమనుషులు చక్రవర్తి చేత మాట మార్పించిన సంగతి వాళ్ళ వాదనకు బలం. అది నిజం, బోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఒక మనిషి చేసిన పని కంటే అతని పుట్టుకను ముందు చూసిన కాలం అది.

కానీ కోట కింద ప్రహరీలో బందీలుగా ఉన్న ఓరుగల్లు ఆడవాళ్ళు, పిల్లలు కూడా నిజమే. చివరికి ఆ కోటను గెలిచింది సుబేదారు సైన్యం కాదు, లోపలి ఖైదీలే. అన్నంలో ఆకురాయి దాచిన ఆ ఇల్లాలు లేకపోతే షాపూర్ కథ ఇంకోలా ఉండేది. వాళ్ళను వదిలేసి పాపన్న వీరత్వం చెప్పలేం. పాపన్న ఎదిరింపును వదిలేసి వాళ్ళ బాధ మాత్రమే చెబితే ఖాఫీ ఖాన్ రాసిందే మళ్ళీ రాసినట్టవుతుంది. రెండూ ఒకే బోర్డు మీద, ఒకే సైజు అక్షరాల్లో రాయాలని నా అభిప్రాయం.

ఇంజనీరుగా దీని మీద నాకింకో పట్టుదల కూడా ఉంది. ఖైదీల ప్రహరీ ఆనవాళ్ళు నేల కింద ఎక్కడైనా మిగిలి ఉండొచ్చు. పార్కు కోసం, పార్కింగ్ కోసం చుట్టుపక్కల నేల చదును చేసే ముందు పురావస్తు శాఖ వాళ్ళ చేత చిన్న చిన్న గుంటలు తవ్వించి చూడాలి. పాత గోడ పునాది ఒకటి దొరికినా, పగిలిన కుండ పెంకులు దొరికినా, ఏ పొర ఎప్పటిదో చెప్పగలిగే అవకాశం ఉంటుంది. రుస్తుం దిల్ ఖాన్ పేల్చిన మొదటి కోట ఆనవాలు, మసి పట్టిన రాయి రూపంలోనో, పగిలిన సున్నపు ముద్దల రూపంలోనో, అక్కడే తేలవచ్చు. రోడ్ రోలర్ ఒకసారి తిరిగిందంటే ఆ అవకాశం పోతుంది.

అందుకే అంచనా పత్రంలో మొదటి పద్దు తవ్వకం, రెండోది గోడ నెత్తి గచ్చు, మూడోది మురుగు మళ్ళింపు, నాలుగోది ఉబ్బిన గోడలు, ఐదోది కూలిన చోటు, ఆరోది ఏటా మే నెలలో చెట్లు కొట్టి తూములు తీయించడానికి ఊళ్ళోనే ఇద్దరు మనుషుల జీతం. ఈ ఆరో పద్దును కోసేసి మిగతావి ఆమోదిస్తామంటే ఒప్పుకోవద్దని ఊరివాళ్ళకు చెప్పాను.